చుట్ట కాల్చే చిన్నవయసు తల్లుల గురించి వైద్యారోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

విశాఖ జాలారిపేటలో ఉంటాను. మా తీరంలో చుట్ట ముసలమ్మల అలవాటని అందరూ అనుకుంటారు. పదిహేడేళ్లకే కడుపుతో ఉన్న పిల్లలూ కాలుస్తున్నారండీ, అదీ అడ్డపొగ, నిప్పు నోట్లోకి పెట్టుకుని.

ఏడో నెల గర్భిణి ఒకమ్మాయి గట్టు మీద చేపలు ఏరుతోంది. రెండు చేతులూ తడి, చుట్ట పెదాల మధ్యే ఉంది. ఎప్పుడు మొదలెట్టావమ్మా అంటే, "మాయమ్మ కాలుస్తాది, మా అత్త కాలుస్తాది. వాంతులు ఆగుతాయంటే నేనూ మొదలెట్టేను" అంది. తనకు తోడుగా చెకప్‌కి వెళ్లాను. బరువు, బీపీ, రక్తం చూశారు. పొగ సంగతి ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పేది కాదేమో, పక్కనే అత్త నిలబడి ఉంది.

ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ కడుపులో బిడ్డకు ఆక్సిజన్ సరిపడా అందనివ్వదు. బిడ్డ తక్కువ బరువుతోనో, నెలలు నిండకుండానో పుట్టే ప్రమాదం పెరుగుతుంది. తల్లికి అంగిలి క్యాన్సర్ ముప్పు. మన రాష్ట్రంలో 10,169 మంది పల్లెవాసులను పరీక్షించి, అడ్డపొగ వల్ల అంగిలికి జరిగే హాని గురించి 1971లోనే రాశారు. ఈ పిల్లల చేత మాన్పించడం ఎలా అన్నదే ఇప్పుడు తేలాలి.

రాష్ట్రంలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 12.6 శాతం అప్పటికే తల్లులో గర్భిణులో అని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. వాళ్లలో పొగ తాగేవాళ్లెందరో ముందు లెక్క తీయించండి.

మంచి మాటలు చెబితే మానేస్తారనుకోవద్దు. ఇంగ్లండ్‌లో ఇరవై ఏళ్లలోపు తొలిచూలు తల్లుల ఇళ్లకు ప్రత్యేక నర్సులను పంపి చూశారు. 2016లో ఫలితం వచ్చింది: నెలలు నిండేసరికి పొగ తాగుతున్నవాళ్లు నర్సులు వెళ్లినచోటా, వెళ్లనిచోటా 56 శాతమే. గ్లాస్గోలో మాత్రం 612 మంది గర్భిణుల్లో సగం మందికి, మామూలు సాయంతో పాటు, మానితే షాపింగ్ వోచర్లు ఇస్తామన్నారు. వాళ్లలో 22.5 శాతం మానారు, మిగతా సగంలో 8.6 శాతమే. అక్కడ మానినట్టు పరీక్ష చేసి మరీ నిర్ధారించారు. మన దగ్గర వోచర్ బదులు బియ్యమో, నూనో ఇస్తే పని చేస్తుందా, అత్తను కూడా కూర్చోబెట్టి మాట్లాడితే మేలా, కాన్పయ్యాక మళ్లీ మొదలెట్టకుండా ఏం చెయ్యాలి? ఆంధ్రా మెడికల్ కాలేజీ, కేజీహెచ్, ఘోషా ఆసుపత్రి డాక్టర్లకు నిధులిచ్చి ఈ అధ్యయనం అప్పగించండి.

ఒక్క పనికి అధ్యయనం దాకా ఆగనక్కర్లేదు. చెకప్‌కి వచ్చిన అమ్మాయిని ఒంటరిగా కూర్చోబెట్టి, తిట్టకుండా, చుట్ట సంగతి అడగమని ఆసుపత్రులకు ఈ నెలలోనే ఉత్తర్వు ఇవ్వండి.

ఇట్లు,
జాలారిపేట వాసి, విశాఖపట్నం