సంఘం మెయిల్ ఎందుకు ఆగిందంటే

అందరికీ నమస్కారమండి. మొన్నట్నుంచి మెయిళ్ళు తిరిగొచ్చేస్తున్నాయని పర్లాకిమిడి నుంచీ రాయగడ నుంచీ ఒకటే ఫోన్లు, తప్పు నాదే, ముందే ఒప్పేసుకుంటున్నా.

వెబ్‌సైట్ కొత్త హోస్టింగ్‌కి మార్చినప్పుడు నేమ్‌సర్వర్లు (మన డొమైన్, అంటే వెబ్ చిరునామా, వివరాలు అడిగినవాళ్ళకి చెప్పే సర్వర్లు) కూడా మార్చేశా, పాత దగ్గరున్న రికార్డులు, అంటే ఆ వివరాలు, వాటంతటవే రావని తట్టలేదు. సైట్ ఏ మిషన్‌లో ఉందో చెప్పే ‘A’ రికార్డు పెట్టా కాబట్టి సైట్ చక్కగా తెరుచుకుంది, మెయిల్ ఎక్కడికి చేరాలో చెప్పే ఎమ్ఎక్స్ (MX) రికార్డు మర్చిపోయా. ఎమ్ఎక్స్ లేకపోతే పంపేవాళ్ళ సర్వర్ ‘A’ రికార్డు చూసుకుని వెబ్‌సైట్ మిషన్‌కే మెయిల్ పట్టుకెళ్తుంది, అక్కడ తీసుకునే నాథుడు లేడు. పైగా పాత టీటీఎల్ (ఒకసారి అందిన జవాబుని ఎంతసేపు గుర్తుపెట్టుకోవచ్చో చెప్పే గడువు) 86400 సెకన్లు, అంటే రోజంతా కొందరికి పాత జవాబే అందింది, వాళ్ళ మెయిళ్ళు వస్తుంటే అంతా బానే ఉందనుకుని నేను బరంపురం బజార్లో తిరుగుతున్నా!

నిన్న రాత్రి కూర్చుని సరిచేశా. అందులోనూ ఒక తంటా, హోస్ట్ గడిలో డొమైన్ పేరు మొత్తం కొట్టా, ప్యానెల్ (రికార్డులు పెట్టే సెట్టింగుల పేజీ) దాని వెనకాల మళ్ళీ అదే పేరు తగిలించింది, పేరు రెండుసార్లు పడి రికార్డు ఎందుకూ పనికిరాలేదు. అక్కడ ఎట్ గుర్తు (@) ఒక్కటి చాలు. ఎస్‌పీఎఫ్ (మన పేరుతో మెయిల్ ఏ సర్వర్లు పంపొచ్చో చెప్పే రికార్డు) కూడా డొమైన్‌కి ఒక్కటే ఉండాలి, రెండుంటే చెల్లదు, కలిపి ఒకే లైన్ చేశా.

దసరా భోజనాలకి పేర్లు పంపినవాళ్ళు దయచేసి మళ్ళీ పంపండి. రికార్డులన్నీ ఈసారి నోట్‌బుక్కులో రాసి పెట్టా, కోశాధికారి గారి దగ్గర ఇస్తా.