స్లాబ్ మందం అంటే ఎక్కడి మందం?

ఎడిటర్ గారికి నమస్కారం,

బాక్స్ గిర్డర్ బ్రిడ్జిల (బోలు పెట్టెలాంటి కాంక్రీట్ దూలంతో కట్టేవి) మీద మీరు వేసిన వ్యాసం చదివా, బొమ్మ బావుంది గానీ పక్కన "స్లాబ్ మందం 200 మి.మీ." అని ఒక్క ముక్కలో తేల్చేశారు, అది చూసి ఊరుకోలేక రాస్తున్నా. డిజైన్ లోకి కొత్తగా వచ్చిన పిల్లలూ ఇంతే, సాఫ్ట్‌వేర్ లో మందం అనే గడి కనపడగానే ఒక అంకె కొట్టేసి ముందుకెళ్లిపోతారు.

ఒక బాక్స్ లో స్లాబ్ కి ఒకటే మందం ఉండదండీ. పై స్లాబ్ లో పెట్టె దాటి బయటకొచ్చే రెక్క చివర ఒకటి, అదే రెక్క వెబ్ ని, అంటే పెట్టె పక్క గోడని కలిసేచోట దానికి రెట్టింపు దాకా, రెండు వెబ్‌ల నడుమ ఇంకోటి, మూలల్లో ఏటవాలుగా లావు చేసే హాంచ్ సరేసరి. కింది స్లాబ్ అయితే స్పాన్ (రెండు స్తంభాల నడుమ భాగం) మధ్యలో 200, 250 ఉన్నదల్లా, స్తంభాల మీదుగా తెగకుండా సాగే కంటిన్యువస్ బ్రిడ్జిలో పియర్ (స్తంభం) దగ్గరకొచ్చేసరికి 500 కూడా దాటొచ్చు, ఎందుకంటే అక్కడ మొమెంట్ (దూలాన్ని వంచే ప్రభావం) రివర్స్ అయ్యి నొక్కుడంతా కిందకి దిగుతుంది.

ఇక ఆ 200 సంగతి. రాడ్లని కప్పే కాంక్రీట్ పొర, అంటే కవర్ కే పైనా కిందా 40 చొప్పున 80 పోయింది, పైన రెండు వరసలు కింద రెండు వరసలు 16, 12 రాడ్లు వేస్తే ఇంకో 56, మిగిలింది 64. అందులో అడ్డంగా పోయే చదును డక్ట్ (బిగించే స్టీలు కేబుళ్లు పోయే గొట్టం) పడుతుంది, 100 మి.మీ. గుండ్రటి డక్ట్ ఎక్కడ పడుతుంది? కాగితం మీద బలం సరిపోయిందంటారు, సైట్లో వైబ్రేటర్ సూది దూరదు, షట్టరింగ్ విప్పాక చూస్తే అంతా హనీకోంబ్, తేనెతుట్టెలా బొక్కలే.

అలాగని అంతటా లావుగా పోసేద్దామా అంటే, 10 మీటర్ల వెడల్పు స్లాబ్ ని 50 మి.మీ. పెంచితే మీటరుకి టన్నుంపావు, 50 మీటర్ల స్పాన్ కి 62 టన్నుల పైమాటే, ఆ బరువు మోయటానికి మళ్లీ కేబుళ్లు.

పైగా పల్చటి స్లాబ్ తొందరగా ఆరుతుంది, మందంది ఏళ్ల తరబడి ఆరుతూనే ఉంటుంది, ఆరేకొద్దీ కాంక్రీట్ కుంచించుకుపోవటం (ష్రింకేజ్), బరువు కింద ఏళ్లకేళ్లు మెల్లగా సాగిపోవటం (క్రీప్) దీని మీదే ఆధారపడతాయి, ఒకే అంకె ఇస్తే ఈ తేడా లెక్కలోకే రాదు. పసిఫిక్ లోని పలావ్ దేశంలో 241 మీటర్ల స్పాన్ తో 1977లో కట్టిన కోరోర్ బ్రిడ్జి మధ్యలో మీటరుకి పైగా దిగిపోయింది, రిపేరు చేసిన కొన్నాళ్లకే 1996లో కూలింది. కూలటానికి కారణం ఏంటనేది వేరే చర్చ, దిగిపోవటంలో మాత్రం క్రీప్, ష్రింకేజ్ ల పాత్ర పెద్దది.

ఈసారి బొమ్మ వేస్తే రెండు సెక్షన్లు వేయండి, ఒకటి స్పాన్ మధ్యలో, ఒకటి పియర్ మీద, ఏ చోటి మందం ఆ చోటే రాసి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బ్రిడ్జి డిజైనర్