సీనాకు: మీ అమ్మ, జొన్నరొట్టె, నార్పల బస్సు

అనంతపురం,
ఆదివారం మధ్యాహ్నం.

ఏమప్పా సీనా,

నీ ఉత్తరానికి ఇన్ని దినాలు జవాబు రాయలేదని కోపం పెట్టుకోవద్దు. కాగితం ముందేసుకునేది, ఎవరో ఒకరు తలుపు కొట్టేది, అట్లే ఆగిపోయేది. ఈ పొద్దు మాత్రం ఎవరొచ్చినా లేచేది లేదు. ఫోన్లో చెప్దామంటే నువ్వు మధ్యలో అడ్డమొస్తావు. ఇది మొదట్నుంచి చివరిదాకా వరసగా వినాల్సిన సంగతి.

ముందు మామూలువి గబగబా. ఇంట్లో అందరూ బాగుండారు. పెద్దోడికి జేఎన్‌టీయూలో సీటొచ్చింది. నాయనకు కంటి ఆపరేషన్ అయింది, మళ్లీ పేపరు చివరి పేజీ దాకా చదువుతాండాడు. వాన సరిగ్గా పడలేదు, శెనక్కాయ సంగతి అడగొద్దు. టవర్ క్లాక్ కాడ పచ్చ లూనా మనిషి కనపడినాడు, నిన్నే అడిగినాడు, ఇంగా అదే మాట! సరే, అయిపోయినాయి.

మా చెల్లెలి కూతురు గుర్తుందా? నీ కళ్లద్దాలు బియ్యం డబ్బాలో దాచిన పిల్ల. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ కంపెనీలో కొత్త ప్రాడక్టుల పని చూసేది. ఆ ఉద్యోగం వదిలేసి వచ్చేసి, "మామా, ఈడ జొన్నరొట్టెల వ్యాపారం పెడతా" అనింది. మా చెల్లెలు ఒకటే ఏడుపు. మా బావ మాత్రం మహా హుషారు. రొట్టెల మెషీన్ కొందాం, షెడ్డు వేద్దాం, చిన్న ఆహార పరిశ్రమలకు కేంద్రం 2020లో పెట్టిన పథకంలో 35 శాతం సబ్సిడీ, 10 లక్షల దాకా వస్తాదని కాగితాలు కూడా తెచ్చేసినాడు. పథకం మంచిదే, నేను కాదనను. పాప ఆ కాగితాలు పక్కన పెట్టి ఒకే మాటడిగింది: "నాయనా, మెషీన్ గంటకు ఎన్ని రొట్టెలు చేస్తాదో అమ్మేటోడు చెప్తాడు. వాటిని దుడ్డిచ్చి ఎవరు కొంటారో ఎవరు చెప్తారు?"

ఆ రాత్రి మిద్దె మీద కూర్చోబెట్టి నాకు అంతా చెప్పింది. నాకు అప్పుడు తెలిసిన సంగతులు నీకు కూడా చెప్పాల, లేకుంటే తర్వాతది అర్థం కాదు. అమెరికాలో వెబ్‌వాన్ అని ఒక కంపెనీ. ఇంటికే సరుకులు తెచ్చిస్తామని మొదలైంది. జనం ఎంతమంది కొంటారో తేలకముందే, 1999లో గోదాములు కట్టించేదానికి 100 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నారు. 2001 జులైకి మూతపడింది. అదే 1999లో నిక్ స్విన్‌మర్న్ అని ఒక కుర్రోడు, చెప్పుల అంగళ్లకు పోయి అడిగి ఫోటోలు తీసుకుని ఇంటర్నెట్‌లో పెట్టినాడు. ఎవరన్నా కావాలంటే అదే అంగడికి పోయి పూర్తి ధరకు కొని పోస్టులో పంపేటోడు. లాభం లేదు. కానీ కాలికి వేసి చూసుకోకుండా చెప్పులు కొంటారా అనే ప్రశ్నకు జవాబు దొరికింది. అది జాపోస్ అయింది, 2009లో అమెజాన్ కొనింది.

ఈ పద్ధతికి లీన్ స్టార్టప్ అని పేరు పెట్టి 2011లో పుస్తకం రాసిన ఎరిక్ రీస్‌కు కూడా ముందు దెబ్బ తగిలిందంట. ఐఎమ్‌వీయూ అనే కంపెనీలో నెలల తరబడి రాత్రింబగళ్లు కూర్చుని ప్రోగ్రాం రాస్తే, ఊరికే ఇచ్చినా జనం తీసుకోలేదు. పాప చెప్పినదాంట్లో నాకు పట్టింది ఇదీ: వ్యాపారం మొదట్లో ఉండేదంతా మన ఊహలే. వాటిలో ఏది తప్పైతే మొత్తం పడిపోతాదో దాన్ని ముందు తీసుకుని, శానా తక్కువ ఖర్చుతో పరీక్ష పెట్టాల. చెయ్యాల, కొలవాల, నేర్చుకోవాల, మళ్లీ చెయ్యాల.

రొట్టెలు చెయ్యగలమా అనేది ఆమె ఊహ కాదు. నార్పల పక్క పల్లె నుంచి వచ్చే ఒకామె ఉంది, మేమంతా రొట్టెలక్క అంటాము. ఆమె చెయ్యి చూడాల్సిందే సీనా. పిండిలో మసిలే ఎసరు పోసి, వేడి ఆరకముందే అరచేత్తో మదించి, పీట మీద చుట్టూ తిప్పుకుంటా తడతాది. పెనం మీద వేసి పైన తడిగుడ్డతో తుడుస్తాది, తిప్పితే పొంగుతాది. జొన్నపిండికి గోధుమపిండి మాదిరి సాగే గుణం లేదు కదా, ఆ ఎసరే దాన్ని పట్టి ఉంచేది. పిండి పాతదైతే అంచులు చీలుతాయి, అందుకని ఆమె కొత్తగా ఆడించిన పిండి తప్ప ముట్టదు. ఆ తట్టే చప్పుడు వింటాంటే మన హాస్టల్ వెనక సందు... సరే, అది ఇంకోసారి.

పాప ఊహ వేరే. మొగుడూ పెండ్లాం ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇండ్లవాళ్లు సాయంత్రం రొట్టె కొంటారని. అంగడి లేదు, బోర్డు లేదు, యాప్ లేదు. ఒక పొయ్యి, ఒక పెనం, రొట్టెలక్క, నంచుకునే ఊరిబిండికి మా చెల్లెలు, తెచ్చిచ్చేదానికి నా స్కూటర్. ఇంతే. తిండి వస్తువులు అమ్మేదానికి కావాల్సిన ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ మాత్రం 100 రూపాయలు కట్టి ముందే చేయించింది. పరీక్షే కదా అని దాన్ని వదల్లేదు. నోట్లోకి పోయే వస్తువు విషయంలో ఆ పిల్ల పట్టుదల నాకు శానా నచ్చింది.

వాట్సాప్ గ్రూపు పెడితే సాయినగర్ నుంచి, రామ్‌నగర్ నుంచి జనం కుప్పలుగా చేరినారు. "సూపర్ అమ్మా", "మంచి పని తల్లీ" అని చేతులు జోడించే బొమ్మలు. మా బావ ఆ లెక్క చూసి మెషీన్ అమ్మేటోడికి ఫోన్ చెయ్యబోయినాడు! పాప ఆపి, "రేపటి రొట్టెలకు ఈ పొద్దే డబ్బు వెయ్యండి" అని ఒక మెసేజ్ పెట్టింది. గ్రూపంతా గప్‌చుప్. వేసినవాళ్లు కొద్దిమందే. నాకు ప్రాణం ఉసూరుమనింది. ఆమెకు మాత్రం ముఖం వెలిగిపోయింది. "మామా, చేతులు జోడించేటోళ్ల లెక్క మన మనసు సంతోషానికి. ఈ కొద్దిమందే నిజం" అనింది. ఒక నోటుబుక్కు పెట్టి, మనం గుర్తు చెయ్యకుండా రెండో వారం మళ్లీ అడిగినవాళ్లు ఎవరని రాసుకుంటా పోయింది. గ్రూపులో ఎంతమంది ఉండారనేది ఆ పుస్తకంలో యాడా లేదు.

ఆ పుస్తకమే కథ మార్చేసింది. ఉద్యోగస్తుల ఇండ్లు ఒకసారి కొని ఆగిపోతాండాయి. వాళ్లకు బయట తినేదానికి శానా ఉండాయి. మళ్లీ మళ్లీ అడిగే ఇండ్లు చూస్తే అన్నిట్లో ముసలివాళ్లే! డబ్బు వేసేది మాత్రం వేరే ఊర్ల నుంచి. బెంగళూరు, హైదరాబాదు, ఒకటి పూణే. అమ్మకు షుగరు, రాత్రికి అన్నం వద్దన్నారు, రొట్టె తట్టే ఓపిక లేదు, కొడుకో కూతురో ఫోన్‌పే చేస్తాండారు. తినేటోళ్లు ఈడ, కొనేటోళ్లు ఆడ. మొదట అనుకున్న గిరాకీని వదిలి వీళ్ల వైపు తిరగాలని పాప ఆ రాత్రే తేల్చేసింది. దాన్ని పివట్ అంటారంట.

పూణే నుంచి వేసింది ఎవరో నీకు తెలుసు.

ఇప్పుడు అసలుదానికి వస్తాండా. కొన్ని దినాలైనాక నువ్వు డబ్బు వేసేది ఆపేస్తివి. "అమ్మకు బయట తిండి సయించలేదంట, వద్దనింది" అని మెసేజ్ పెడితివి. అది నిజం కాదు సీనా.

ఆపేసిన ఇండ్లకు ఫోన్ చేసి అడుగుదామని నేనంటి. పాప ఒప్పుకోలేదు. టొయోటా వాళ్లు కార్ల ఫ్యాక్టరీలో నేర్పిన పద్ధతి ఒకటుందంట, ఏం జరుగుతాందో తెలియాలంటే జరిగే చోటికే పోయి కండ్లారా చూడాలని. మీ ఇంటికి పోతిమి. మీ అమ్మ నన్ను చూసి "ఏమ్రా, సన్నబడినావే" అని మొదలుపెట్టి, రొట్టెలు బాగుంటాయి, పాప చల్లని చెయ్యి, అని ఒకటే పొగడ్త. నేను లేవబోతాంటే పాప నా మోచెయ్యి పట్టి కూర్చోబెట్టింది. వంటింట్లో గట్టు మీద గిన్నెలో మజ్జిగ, దాంట్లో తుంచి నానబెట్టిన రొట్టె ముక్కలు. ముందు దినం తెచ్చిచ్చింది. పాప చూసింది, ఏమీ అడగలేదు. అప్పుడు మీ అమ్మే నోరు తెరిచింది: "కోపం తెచ్చుకోవద్దు తల్లీ. మా ఇంటికొచ్చేసరికి అది అట్టముక్క మాదిరైపోతాంది. నమిలేదానికి పండ్లు లేవు కదా. వాడికి చెప్తే నీ మీద అరుస్తాడని, నాకే సయించలేదని చెప్పినా."

అడిగితే అందరూ బాగుందనినారు. ఒక్క మీ అమ్మ నిజం చెప్పింది. అది కూడా మేము పోయి కూర్చున్నాము కాబట్టి.

ఇంగో మాట. ఆమె కుడి మణికట్టు సరిగ్గా లేదు. నీళ్ల బిందె కాడ జారి పడిందంట, కట్టు కూడా విప్పేసినారు, నీకు చెప్పొద్దనింది. నేను రాయాలా వద్దా అని శానా ఆలోచన చేస్తి... తెలిసి ఊరికే ఉంటే నువ్వు నన్ను క్షమించవు. రొట్టె ఎందుకు మానేసిందో, రాత్రిళ్లు ఉత్త మజ్జిగ ఎందుకు తాగుతాందో నీకు తెలియాల. అరవొద్దు. మెల్లగా అడుగు.

ఇంటికొచ్చినాక పాప గచ్చు మీద కూర్చుని ఎందుకు, ఎందుకు అని అడుక్కుంటా పోయింది. ఇది కూడా టొయోటాదే. తైచీ ఓనో అనే ఆయన నేర్పినాడు, అయిదు సార్లు ఎందుకని అడగమని. ఆయన చెప్పిన లెక్క: మెషీన్ ఆగింది, ఫ్యూజ్ కాలింది కాబట్టి. బేరింగుకు నూనె అందక భారం ఎక్కువై కాలింది. నూనె పంపు సరిగ్గా తోడలేదు. పంపు ఇరుసు అరిగింది. అరిగిందెందుకంటే, జల్లెడ లేక ఇనుప రజను లోపలికి పోయింది! ఫ్యూజ్ మార్చి ఊరుకుంటే మళ్లీ కాలుతాది.

మా లెక్క చూడు. రొట్టె గట్టిపడిందెందుకు? చేసి శానా సేపైంది. అంతసేపెందుకు? రొట్టెలక్క నాలుగుకే అన్నీ చేసి పెట్టేస్తాంది, ముసలివాళ్లు తినేది ఏడుకు. నాలుగుకే ఎందుకు? సాయంత్రం నార్పల పక్క పోయే పల్లెవెలుగు పట్టుకోవాల. అది తప్పితే ఏమి? షేర్ ఆటోనే దిక్కు. ఆటోలో ఎందుకు పోదు? 2025 ఆగస్టు 15 నుంచి ఆడోళ్లకు బస్సులో ఛార్జీ లేదు, ఆటోకు దుడ్డివ్వాల. ఆమె కూలిలో అది చిన్న మొత్తం కాదు, పాపం ఎవరినీ అడగలేదు కూడా.

సీనా, నేను నోరు తెరుచుకుని ఉండిపోతి. మీ అమ్మ పండ్లకూ నార్పల బస్సుకూ ముడి ఉందని ఎవరు కనిపెడతారప్పా! మెషీన్ కొనింటే ఏమయ్యేదో ఆలోచించు. అన్ని రొట్టెలూ ఇంకా తొందరగా, మధ్యాహ్నానికే తయారై, ఇంకా గట్టిపడేవి. షెడ్డు, సబ్సిడీ, అప్పు అన్నీ ఉండి, మీ అమ్మ మాత్రం మజ్జిగలో నానబెట్టుకుంటానే ఉండేది.

మరుసటి దినం నుంచి ఆటో ఛార్జీ పాప ఇస్తాంది, కూలి కాకుండా విడిగా. రొట్టెలు ఆరు తర్వాత పెనం మీదకు ఎక్కుతాండాయి. ప్లాస్టిక్ కవర్లో చెమట పట్టి పాడైతాయని నూలుగుడ్డలో చుట్టి స్టీలు డబ్బాలో పెడతాది. ఖాళీ డబ్బా మరుసటి దినం తెస్తాము, మిగిలిన ముక్క ఉంటే అది కూడా చూసి పుస్తకంలో రాస్తాది. మీ అమ్మ డబ్బా ఖాళీగా వస్తాంది! అంతే కాదు, రొట్టెలక్కకు ఫోన్ చేసి ఎసరు ఇంకా మసలనియ్యమని పాఠాలు చెప్తాంది. వాళ్లిద్దరూ ఇప్పుడు గంటలు గంటలు మాట్లాడుకుంటాండారు.

లీన్ అంటే పిసినారితనం అనుకునేవు, కాదు. ఆటో ఛార్జీ కొత్త ఖర్చే కదా. ఎందుకు పెడతాండామో తెలిసిన ఖర్చు. మెషీన్ కూడా ఎప్పటికీ వద్దని కాదు, చేతులు చాలని దినం కొంటామంటాది. నా భయం వేరే. ఆ దినం వస్తే రొట్టెలక్క ఏమైతాది? కూలిమనిషిగా ఉంచకూడదు, వాటా ఇయ్యాల అని నేనంటా. పాప కూడా అదే ఆలోచిస్తాంది గానీ ఎట్ల అనేది ఇంకా...

తర్వాతి పరీక్ష నెల డబ్బు ముందే తీసుకునేది. నోటుబుక్కులో ఇప్పుడే గీత గీసి పెట్టింది: ఇప్పుడు కొనేటోళ్లలో సగం మంది కూడా పదో తేదీ లోపల కట్టకపోతే ఆ ఆలోచన వదిలేస్తాదంట, సాకులు వెతకదంట. ముందే గీత గియ్యకపోతే తర్వాత మన మనసే మనకు సర్దిచెప్తాదని ఆమె లెక్క. నువ్వు నా కోసమని కట్టొద్దు, నీకు నిజంగా కావాలంటేనే కట్టు. మొహమాటం డబ్బు కలిస్తే ఆమె లెక్క చెడిపోతాది. అమ్మనడిగి...

కింద హారన్ కొడతాంది, ఆరైపోయిందేమో, డబ్బాలు తీసుకుపోవాల. మణికట్టు సంగతి అడిగేటప్పుడు నా పేరు చెప్పొద్దు. ఆ లూనా మనిషి అన్నది కూడా రాయాల్సింది, టైము లేదు, ఉంటా

నీ
రమణ