వాయిస్ చాట్ పాస్ గురించి – అందరూ చదవండి

కొంచెం ఓపిగ్గా చదవండప్పా. మనం రోజూ ఆడే గేమ్‌లో కొత్త అప్‌డేట్ వచ్చినప్పట్నుంచి క్లాన్ వాయిస్ చాట్ (మన టీమ్ వాళ్ళు ఆడతా మాట్లాడుకునేది) నెల పాస్ కొన్నోళ్ళకే అంట, నాకైతే అస్సలు నచ్చలా. స్కిన్‌లకి, డ్యాన్స్‌లకి డబ్బులు తీసుకోనీ, అది సోకు, కావాల్సినోళ్ళు కొంటారు. ఫ్రెండ్‌తో మాట్లాడేదానికి కూడా రేటు పెడితే ఎట్ల? నిన్న రాత్రి గుత్తి తమ్ముడు పాస్ లేక "వెనక ఉండాడు" అని టైప్ చేసేలోపు స్క్వాడ్ మొత్తం పోయింది, పాపం వాడు మళ్ళీ ఆన్‌లైన్‌కే రాలేదు.

సర్వర్ ఖర్చు ఉంటాది, కాదనను. కానీ ఎక్స్‌బాక్స్‌లో కూడా ముందు పార్టీ చాట్‌కి, అంటే ఫ్రెండ్స్ గుంపుగా మాట్లాడుకునేదానికి, గోల్డ్ మెంబర్‌షిప్ కట్టాల్సొచ్చేది, 2021 ఏప్రిల్‌లో తీసేసినారు. ప్లేస్టేషన్‌లో చాలా గేమ్‌లు ఆన్‌లైన్ ఆడాలంటే ప్లస్ అనే మెంబర్‌షిప్ కొనాల, పార్టీ చాట్‌కి మాత్రం అక్కర్లా. నింటెండో స్విచ్ 2లో గేమ్‌చాట్ (దాంట్లో వాయిస్ చాట్) అయితే 2026 మార్చి 31 దాకా ఫ్రీ, ఆ తర్వాత మెంబర్‌షిప్ అన్నారు, ముందు అలవాటు చేసి తర్వాత వసూలు చేసేది నాకు అన్యాయమే అనిపిస్తాది.

అందుకే ఎవరూ పాస్ కొనొద్దు, ముఖ్యంగా చదువుకునే పిల్లోళ్ళు ఇంట్లో అడగొద్దండి. డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో నేను మన సర్వర్ (గ్రూప్) పెట్టినాను, వాయిస్ ఫ్రీనే, లింక్ పైన పిన్ చేసినా. గేమ్‌లో మైక్ ఆఫ్ చేసి, ముందు డిస్కార్డ్ వాయిస్ ఛానల్‌లో చేరి, తర్వాత గేమ్ ఓపెన్ చేయండి. స్టోర్‌లో రివ్యూ కూడా రాయండి, తిట్లొద్దు, చాట్ మళ్ళీ ఫ్రీ చేయమని తెలుగులో రాసినా చాలు. రాత్రి తొమ్మిదిన్నరకి కలుద్దాం, మైక్ పని చేయకపోతే నాకు కాల్ చేయండి.