తుప్పు లెక్కలు తెలుగులో ఇవ్వండి

సంపాదకులు గారికి,

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో పెడతామంటున్న అణు విద్యుత్ కేంద్రం మాట పేపర్లో కనబడినప్పుడల్లా మా అమలాపురం టీ బడ్డీల దగ్గర ఒకటే ప్రశ్న: "వాడేసిన ఇంధనాన్ని భూమిలో పాతేస్తే తుప్పు పట్టి నీళ్లలో కలవదా?" దీనికి రెండే జవాబులు వినబడుతున్నాయి. ఒకటి సర్వనాశనమని, రెండోది టెన్షన్ వద్దని. కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి, నాకు రెండూ నచ్చలేదు.

ప్రశ్న మాత్రం సరైనదే. ఆ ఇంధనంలో ఎక్కువ భాగం యురేనియం డయాక్సైడ్ బిళ్లలు. ఆక్సిజన్ లేని లోతు నీటిలో అవి దాదాపు కరగవు. కానీ వాటి రేడియేషనే తగిలిన నీటిని విడగొట్టి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టిస్తుంది. దాంతో పైపొర ఆక్సీకరణం చెంది కరగడం మొదలెడుతుంది. బయటి గాలితో పనే లేదు. బిళ్లల సందుల్లో చేరిన అయోడిన్, సీజియం అయితే నీరు తగిలిన కొద్దికాలానికే బయటపడతాయి. అయోడిన్-129 సగానికి తగ్గడానికి కోటిన్నర ఏళ్లు పైనే పడుతుంది.

ఇందులో ఒక చిత్రముంది. భూమిలో పాతడానికి ఇంధనం పెట్టే డబ్బా లోపలి ఇనుము తుప్పు పడుతుంటే హైడ్రోజన్ వస్తుంది, ఆ హైడ్రోజన్ ఇంధనం కరగడాన్ని బాగా అణిచేస్తుందని ప్రయోగాల్లో తేలింది. ఫిన్లాండ్‌లో ఓల్కిలువోటో దగ్గర సుమారు 430 మీటర్ల లోతు రాతిలో ఇలాంటి డబ్బాలకే చోటు తవ్వారు: లోపల పోత ఇనుము, పైన 5 సెంటీమీటర్ల రాగి, చుట్టూ బెంటొనైట్ మట్టి. స్వీడన్‌దీ అదే పద్ధతి. ఆ రాగి ఎంతకాలం నిలుస్తుందో ఇంకా రుజువులు కావాలని 2018లో అక్కడి పర్యావరణ కోర్టు అభ్యంతరం చెప్పింది. ప్రభుత్వం అనుమతి ఇచ్చింది 2022లో. నాలుగేళ్లు తుప్పు మీదే బహిరంగంగా వాదించుకున్నారు!

మెత్తటి ఒండ్రు, ఉప్పునీరు, అడుగున గ్యాస్ ఉన్న మన డెల్టా ఇలాంటి పాతరకు పనికిరాదు, ఆ భయం అక్కర్లేదు. మన దేశంలో వాడేసిన ఇంధనాన్ని రీప్రాసెస్ చేసి, అంటే పనికొచ్చే యురేనియం, ప్లుటోనియం వేరు చేసి, మిగిలిన వ్యర్థాన్ని గాజులో బిగించే పద్ధతి ఉంది. అయినా కొవ్వాడలో ఒక్కోటి 1208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు పెడతామంటున్నారు. వాటి ఇంధనం ముందు ఏళ్ల తరబడి నీటి తొట్లలోనే ఉండాలి.

కొవ్వాడ మాకు దూరమే. కానీ 2014 జూన్ 27న మా నగరం గ్రామంలో గ్యాస్ పైప్‌లైన్ పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. పైపు లోపల తుప్పు పట్టిందని విచారణలో తేలింది. ఊళ్లోవాళ్లకు ఆ సంగతి పేలాకే తెలిసింది.

కాబట్టి ఆ ఇంధనం తొట్లలో ఎన్నేళ్లు ఉంటుంది, తర్వాత ఎక్కడికి పోతుంది, దేనిలో పెడతారు, ఆ పాత్రల తుప్పును ఎవరు కొలుస్తారు, ఆ లెక్కలు జనానికి ఎక్కడ దొరుకుతాయి? వీటి జవాబులన్నీ తెలుగులో అచ్చు వేసి, శ్రీకాకుళం జిల్లాలో ప్రతి పంచాయతీకీ ముందే పంపాలి. లావుపాటి ఇంగ్లీషు రిపోర్టు ఆఫీసులో పెట్టి, వచ్చి చూసుకోమంటే కుదరదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్చరర్, అమలాపురం