విశాఖ పేరుతో వచ్చిన క్లబ్ విశాఖకు ఎప్పుడొస్తుంది?

సంపాదకుడు గారికి,

జాతీయ ఫుట్‌బాల్ పోటీల్లో ఒకటైన ఐ-లీగ్‌లోకి కొత్త జట్లను తీసుకోవడానికి 2020లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బిడ్లు పిలిస్తే, విశాఖపట్నం తరఫున శ్రీనిధి క్లబ్ ఎంపికైంది. ఆ వార్త చదివి ఇక్కడ ఫుట్‌బాల్ ఆడేవాళ్లం, చూసేవాళ్లం పండగ చేసుకున్నాం. జట్టు 2021-22లో బరిలోకి దిగింది. తీరా చూస్తే పేరు శ్రీనిధి దక్కన్, సొంత మైదానం హైదరాబాద్‌లోని దక్కన్ ఎరీనా.

అయినా మా జట్టే అనుకున్నాం. అనుకోవడానికి తగ్గట్టే ఆడారు కూడా. తొలి సీజన్‌లోనే మూడో స్థానం, 2022-23లో రెండో స్థానం, 2023-24లో మళ్లీ రెండో స్థానం. ఆ రెండేళ్లూ లీగ్ గెలిచిన జట్టుకే దేశంలోని అగ్రశ్రేణి లీగ్ అయిన ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్)లోకి ప్రమోషన్. ఒక ఏడాది పంజాబ్, మరుసటి ఏడాది మహమ్మడన్ స్పోర్టింగ్ పైకి వెళ్లిపోయాయి, మనం మిగిలిపోయాం. రెండుసార్లు గుమ్మం దాకా వెళ్లినవాళ్లు మూడోసారి మరింత గట్టిగా తోస్తారని ఎవరైనా ఆశపడతారు. 2024-25లో టైటిల్ రేసులోనే లేకుండా పోయారు.

ఓడినందుకు కాదు మా బాధ. ఆటన్నాక ఓటమి ఉంటుంది. ఐఎస్‌ఎల్‌కు వెళ్లి తీరాలన్న కసి యాజమాన్యానికి ఉందా, లేక లీగ్‌లో ఒక జట్టుగా ఉంటే చాలనుకుంటోందా? అభిమానికి ఇది తెలియాలి. ఏటా కప్పు తెమ్మని మేం అడగడం లేదు. దానికోసం ప్రయత్నిస్తున్నామని మాతో చెప్పమంటున్నాం.

తొందరపడటానికి కారణముంది. 2022 మార్చిలో ఐఎస్‌ఎల్ కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ రెండేళ్లకే పట్టికలో అట్టడుగుకు పడిపోయింది. 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణం అందించిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదీ. అలాంటి మనిషి పుట్టిన తెలుగు గడ్డ మీద ఇప్పుడు ఐఎస్‌ఎల్ జట్టు ఒక్కటీ లేదు. ఆ లోటు తీర్చగలిగిన క్లబ్ ఇంత నెమ్మదిగా ఉంటే ఎలా?

విశాఖలో ఫుట్‌బాల్‌కు జనం రారు అనేవాళ్లున్నారు. అర్ధరాత్రి దాటాక కూడా నిద్ర మానుకుని ఇంగ్లండ్ క్లబ్బుల మ్యాచ్‌లు చూసే కుర్రాళ్లు గాజువాక నుంచి మధురవాడ దాకా ప్రతి వీధిలోనూ కనిపిస్తారు. వాళ్ల ఊళ్లో వాళ్ల జట్టు ఆడితే రారా? పిలవకుండానే రారని ఎలా తేల్చేస్తారు?

క్లబ్ యాజమాన్యం, విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ), రాష్ట్ర ఫుట్‌బాల్ సంఘం కూర్చుని మాట్లాడుకోవాలి. సీజన్‌కు కనీసం మూడు మ్యాచ్‌లు విశాఖలో పెట్టాలి. ఇందిరా ప్రియదర్శిని మున్సిపల్ స్టేడియంలో వీలవుతుందో లేదో ముందు పరిశీలించాలి. ఉత్తరాంధ్ర పిల్లలకు ఏటా ఇక్కడే సెలక్షన్స్ జరపాలి. వచ్చే సీజన్ మొదలయ్యేలోపే జట్టు లక్ష్యమేమిటో యాజమాన్యం బహిరంగంగా ప్రకటించాలి.

- ఒక ఫుట్‌బాల్ అభిమాని,
కంచరపాలెం, విశాఖపట్నం