పేరు చెప్పని దాతకు, కనిగిరి వైపు నుంచి

ఈ ఏడాది మా ఊరి మంచినీళ్ల ప్లాంటు ఆగకుండా నడిచిందంటే మీ చలవే. కొత్త ప్లాంటు కట్టించేందుకు దాతలు దొరుకుతారు, ఫిల్టర్లు మార్పించేందుకే దొరకరు. మీరు పంపినవి అవే: సన్నని మురికిని ఆపే 5 మైక్రాన్ల కార్ట్రిడ్జిలు, గార కట్టకుండా నీళ్లలో కలిపే యాంటీస్కేలెంట్ మందు, చివరికి నీళ్లలో కరిగిన ఉప్పులను, ఫ్లోరైడ్‌ను వడగట్టే పొరలు, అదే మెంబ్రేన్లు. మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. మందు సరిగా పడకపోతే మెంబ్రేన్ మీద గార కట్టి ధార సన్నబడుతుంది. ఇక ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పిల్లల పళ్లు గారపడతాయి, ఇంకా ఎక్కువైతే ఎముకలు పట్టేస్తాయి. కాచినా అది పోదు, నీరు ఆవిరైనకొద్దీ చిక్కబడుతుంది. నీళ్లలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపే టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్‌ను విడిగా చూపదని, ల్యాబులో పరీక్ష చేయించమని చీటీ రాసి, ఆ ఖర్చూ మీరే పెట్టుకున్నారు. ఇంటింటి తరఫునా మీకు చేతులెత్తి దండాలు.